ఆర్థర్ కొలువులో శీలపరీక్షలు



కిందటేడు తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ మధ్యలో ఒక కథ చెప్పాను. వాచకంలో ఉన్న కథ కాదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చే మొదటి పీరియడు అది. బయట మండే ఎండ, లోపల పిల్లలకు కునికిపాట్లు. వాళ్ళను నిద్రలేపడానికి ఆర్థర్ రాజు కొలువులోకి వచ్చిన మాయ వస్త్రం కథ ఎత్తుకున్నాను. మాది హోసూరు ప్రాంతం. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం. ఇంగ్లీషు మాత్రం బడిలోనే. అందుకని కథ తెలుగులోనే చెప్పాను. కథ అయిపోయింది, అందరూ నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, "పరీక్ష ఆడోళ్ళకేనా టీచర్? మగోళ్ళకి లేదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. "ఉంది, రేపు చెబుతాను" అన్నాను. ఆ రాత్రి నా పుస్తకాలన్నీ కింద పరుచుకుని కూర్చున్నాను. ఈనాటి నా ప్రసంగం ఆ రాత్రి వెతుకులాటలోంచి పుట్టింది.

ముందుగా ఆర్థర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఆర్థర్ అనే రాజు నిజంగా ఉన్నాడా అన్నది తేలని విషయం. ఆయన కథను పెద్దయెత్తున రాసి లోకానికి ఇచ్చినవాడు మన్మత్ జెఫ్రీ అనే మతగురువు. ఆయన 1136 ప్రాంతంలో లాటిన్‌లో బ్రిటన్ రాజుల చరిత్ర రాశాడు. చరిత్ర అని పేరే గాని అందులో కల్పన పాలే ఎక్కువ. 1155లో వేస్ అనే కవి దాన్ని ఫ్రెంచిలో కావ్యంగా మలిచాడు. అందరికీ సమానపీటగా ఉండే గుండ్రబల్ల మొదట కనిపించేది ఆయన కావ్యంలోనే. ఆ తర్వాత ఫ్రాన్సులో క్రెటియెన్ ద త్రోయ్ అనే మహాకవి వచ్చి లాన్సలాట్, ఎరెక్, పెర్సివల్ వంటివారి కథలను కావ్యాలు చేశాడు. జర్మనీ, నార్వే, ఇటలీ వరకూ ఆ కథలు పాకాయి. చివరికి ఇంగ్లండులో సర్ థామస్ మాలొరీ వాటిని వచనంలో గుదిగుచ్చాడు. ఆ పుస్తకాన్ని 1485లో కాక్స్టన్ తన అచ్చుయంత్రం మీద అచ్చువేశాడు. అంటే ఇది ఒక కవి కథ కాదు, ఒక దేశపు కథా కాదు. మూడు వందల యాభై ఏళ్ళ పాటు అందరూ తలా ఒక చేయి వేసిన కథ.

ఈ కథల్లో కొలువు ఎలా ఉంటుందో తెలిస్తే గాని పరీక్షల సంగతి బోధపడదు. పెద్ద పండుగలకు, ముఖ్యంగా పెంతెకొస్తుకూ క్రిస్మస్‌కూ, రాజు సామంతులందరినీ భార్యలతో సహా పిలుస్తాడు. వచ్చినవాళ్ళకు గుర్రాలు, ఆయుధాలు, బట్టలు, నగలు పంచిపెడతాడు. దానం చెయ్యని రాజు రాజే కాదు. భోజనానికి ముందు బూరలు ఊదుతారు, కుర్రవాళ్ళు నీళ్ళూ తువ్వాళ్ళూ పట్టుకుని వచ్చి చేతులు కడిగిస్తారు, ఎవరి అంతస్తును బట్టి వారిని కూర్చోబెడతారు. పధ్నాలుగో శతాబ్దం నాటి ఒక ఇంగ్లీషు కావ్యంలో ఇద్దరేసి మనుషులకు పన్నెండు వంటకాల చొప్పున వడ్డించారట. ఇంత వడ్డించినా రాజుగారు మాత్రం ముద్ద ముట్టడు. ఏదైనా వింత జరగాలి, లేదా ఎవరైనా వింత కబురు తేవాలి. అప్పుడుగాని భోజనానికి కూర్చోకూడదని ఆయనకొక నియమం. పాపం, ఆకలితో కూర్చున్నవాళ్ళు ఏమనుకునేవారో ఏ కవీ రాయలేదు.

ఈ కొలువులో ఉండే మనుషులు ఎవరు? ఎక్కువమంది పెళ్ళికాని యువ యోధులు. ఆస్తి పెద్దకొడుకుకే పోయే కాలం కాబట్టి చిన్నకొడుకులకు భూమి ఉండేది కాదు. ఏ ప్రభువునో ఆశ్రయించి, పేరు తెచ్చుకుని, భూమి ఉన్న పిల్లను చేసుకోవాలని వాళ్ళ ఆశ. ఫ్రెంచి చరిత్రకారుడు జార్జ్ డ్యుబీ ఈ భూమిలేని కుర్రయోధుల గురించి విలువైన పరిశోధన చేశాడు. వీళ్ళందరి కళ్ళెదుట ఉండే పెద్దింటి స్త్రీ ప్రభువు భార్య. ఆమెను మెప్పిస్తే ప్రభువు మెచ్చినట్టే. ఆమె కోసం పాటలు కట్టేవారు, పోటీల్లో ఆమె రుమాలు కట్టుకుని పోరాడేవారు. ఇంకోవైపు ఆమెకు పుట్టే బిడ్డే రాజ్యానికి వారసుడు, కాబట్టి ఆమె శీలం మీదే రాజ్యమంతా నిలబడి ఉంది. 1352లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్ చేసిన చట్టంలో రాజు భార్యను చెరచడం రాజద్రోహాల జాబితాలో చేరింది. రాణి చుట్టూ వందమంది ఆరాధకులు ఉండాలి, రాణి మాత్రం తొణకకూడదు. ఈ రెండు కోరికల నడుమే శీలపరీక్ష కథలన్నీ పుట్టాయని నా అభిప్రాయం.

ఇక మా పిల్లలకు చెప్పిన కథకు వస్తాను. పన్నెండో శతాబ్దం చివరా పదమూడో శతాబ్దం మొదలా అన్న కాలంలో పుట్టిన ఫ్రెంచి పద్యకథ అది. నార్వే రాజు హాకోన్ హాకోనార్సన్ కొలువు కోసం దాన్ని నార్వే భాషలోకి కూడా దింపారు. పెంతెకొస్తు నాడు రాజు వింత కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఒక కుర్రవాడు గుర్రం మీద వచ్చి సంచిలోంచి చక్కటి పైవస్త్రం ఒకటి తీశాడు. భుజాల మీదనుంచి పాదాల దాకా వేలాడే రాచదుస్తు అది, మన శాలువాకు పెద్దక్క అనుకోండి. అప్సరసలవంటి వారు నేసినదట. "దీన్ని కొలువులో ఉన్న స్త్రీలందరూ కప్పుకోవాలి. భర్తకు గాని ప్రియుడికి గాని ద్రోహం తలపెట్టని ఆమెకు సరిగ్గా అమరుతుంది. తలపెట్టిన ఆమెకు పొడుగో పొట్టో అవుతుంది" అన్నాడు కుర్రవాడు. పరీక్ష మాట స్త్రీలకు తెలియనివ్వలేదు. ఎవరికి అమిరితే వారికే ఇస్తామని మాత్రం చెప్పారు.

ఆ పైవస్త్రానికి కొలువులో ఉన్న విలువ తెలిస్తే ఈ మోసం ఎంత చెడ్డదో తెలుస్తుంది. క్రెటియెన్ రాసిన ఎరెక్, ఎనీడ్‌ల కథలో ఎనీడ్ పేదింటి పిల్ల. మోచేతుల దగ్గర చిరుగులు పడ్డ గౌనుతోనే ఎరెక్ ఆమెను ఆర్థర్ కొలువుకు తీసుకొస్తాడు. రాణి గ్వినివీర్ తనకోసం కొత్తగా కుట్టించుకున్న దుస్తునూ పైవస్త్రాన్నీ తెప్పించి ఆ పిల్లకు తొడుగుతుంది. పైవస్త్రం ఇవ్వడమంటే నువ్వు మాలో ఒకతెవు అని నలుగురి ముందూ చెప్పడం. అలాంటి గౌరవ చిహ్నాన్ని ఈ కథలో వలగా విసిరారు.

మొదట రాణి కప్పుకుంది, వస్త్రం పొట్టిదైపోయింది. తర్వాత కే ప్రియురాలి వంతు. ఈ కే అనేవాడు రాజుగారి భోజనశాల అధికారి, కొలువులో అందరికన్నా నోటిదురుసు మనిషి. తన ప్రియురాలి మీద మహా ధీమాగా ఆమెను ముందుకు తోశాడు. వస్త్రం ఒకవైపు పైకి లేచి, ఒకవైపు కిందికి జారి నవ్వులపాలు చేసింది. అప్పటిదాకా ఇతరులను ఎగతాళి చేసినవాడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, అందరి గతీ అంతే. మగవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. పక్కవాడి భార్య వంతు వచ్చినప్పుడు నవ్వు, తన భార్య వంతు వచ్చినప్పుడు మౌనం. చివరికి ఒంట్లో బాగోలేక లోపలి గదిలో పడుకున్న ఒకామెను కూడా లేపి తీసుకొచ్చారు. కారడాక్ అనే యోధుడి ప్రియురాలు ఆమె. వస్త్రం ఆమెకు కొలిచి కుట్టినట్టు అమిరింది.

శ్రోతల్లో చాలామందికి ఈపాటికి సీతమ్మవారి అగ్నిప్రవేశం గుర్తుకు వచ్చి ఉంటుంది. పోలిక సహజమే, కాని రెండూ ఒకటి కాదు. అక్కడ అగ్నిదేవుడు సాక్ష్యం చెబుతాడు, చూసేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. ఇక్కడ గుడ్డముక్క సాక్ష్యం చెబుతుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. ఇది భక్తి కథ కాదు, విందులో చెప్పుకునే హాస్యకథ. దీన్ని విన్నది నిజమైన కొలువులు, నిజమైన భార్యాభర్తలు. నవ్వుతూ పక్కవారి మొహం ఓరకంట చూసుకుని ఉంటారు.

ఇదే కథ ఇంగ్లీషులో జానపద గేయంగా ఉంది. దాని పేరు కుర్రవాడూ పైవస్త్రమూ. అది మనకు దక్కిన తీరే ఒక కథ. ష్రాప్‌షైర్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో పనిమనుషులు నిప్పు రాజేయడానికి ఒక పాత రాతప్రతిలోంచి కాగితాలు చింపుతుంటే థామస్ పెర్సీ అనే మతగురువు చూసి అడిగి తెచ్చుకున్నాడు. పదిహేడో శతాబ్దపు నడిమి కాలంలో రాసిపెట్టిన ప్రతి అది. అందులోంచి ఏరిన గేయాలతో ఆయన 1765లో వేసిన సంపుటి ఇంగ్లీషు కవిత్వాన్నే మలుపు తిప్పింది. అటకల మీద తాటాకులు చెదలుపట్టి పోవడం ఎరిగిన మనకు ఈ సంగతి వింటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఆ గేయంలో గ్వినివీర్ కప్పుకోగానే వస్త్రం పైనుంచి కిందిదాకా కత్తెరతో కత్తిరించినట్టు చీలిపోయింది. ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నలుపు తిరిగింది. ఆమె దాన్ని విసిరికొట్టి, నేసినవాణ్ణి శపిస్తూ గదిలోకి పారిపోయింది. కారడాక్ భార్య వంతు వచ్చింది. అంతా సరిగ్గా ఉంది గాని కాలి బొటనవేలి దగ్గర మాత్రం వస్త్రం కొంచెం ముడతపడింది. ఆమె బెదరలేదు. "ఊరికే నన్ను సిగ్గుపరచకు. పెళ్ళికి ముందు ఒకసారి చెట్టు కింద కారడాక్‌ను ముద్దుపెట్టుకున్నాను, అంతే నా తప్పు" అని వస్త్రంతోనే చెప్పింది. చెప్పగానే ముడత విడిపోయింది, వస్త్రం బంగారంలా మెరిసింది.

ఈ ముడత నాకు ఎంతో ఇష్టం. ఫ్రెంచి కథలో మచ్చలేని ఆమె గెలిచింది. గేయంలో చిన్న మచ్చ ఉన్నామె, దాన్ని నలుగురిలో తలెత్తి చెప్పిన ఆమె గెలిచింది. పండిత కవుల చేతిలోంచి పాటగాళ్ళ నోట్లోకి వచ్చేసరికి కథకు కొంచెం దయ అబ్బింది. అయినా ఆమెకు పేరు పెట్టాలని పాటగాడికి తోచలేదు. గేయం పొడుగునా ఆమె కారడాక్ భార్యే.

ఇంకో పరీక్ష కొమ్ముపాత్ర. రాబర్ట్ బికే అనే కవి పన్నెండో శతాబ్దంలో చెప్పాడు దీన్ని. దంతంతో చేసిన కొమ్ము, దానికి వంద బంగారు చిరుగంటలు. వేలితో తడితే ఆ గంటలు మోగే మోతకు కొలువులో ఎవరి పని వారు ఆపేసి నిలబడిపోయారట. దాంతో ద్రాక్షసారా తాగబోతే, భార్య దారితప్పి ఉన్నా, మగడు అసూయపరుడైనా ఒలికి మీద పడుతుంది. ఇది చూడండి, తాగేది భర్త, పరీక్ష భార్యకు. ఆర్థర్ తాగబోయాడు, పాదాల దాకా ఒలికింది. వెంటనే కత్తి తీసి రాణిని పొడవబోతే పక్కనున్న యోధులు పట్టుకుని ఆపారు. రాణి తనకు తానే వాదించుకుంది. ఒకప్పుడు ఒక కుర్రవాడి పరాక్రమం మెచ్చి ఉంగరం ఇచ్చాననీ, అంతకుమించి ఏమీ లేదనీ, కావాలంటే నిప్పుల్లో పడతాననీ అంది. రాజు తన అవమానం ఒక్కడే మొయ్యలేక కొమ్మును మిగతా రాజులకు కూడా అందించాడు. అందరి మీదా ఒలికింది. అప్పుడు ఆర్థర్‌కు నవ్వు వచ్చింది, రాణిని ముద్దుపెట్టుకుని క్షమించాడు. అందరి బట్టలూ తడిశాక తన బట్టలు తడిసినందుకు బాధ పోయింది. మగవాడి పౌరుషాన్ని ఇంత పచ్చిగా చూపించిన ఘట్టం నేను మరోచోట చదవలేదు.

మాలొరీ పుస్తకంలో ఈ కొమ్ము దారి మళ్ళి కార్న్‌వాల్ రాజు మార్క్ దగ్గరికి చేరుతుంది. అక్కడ రాణి ఇసోల్డ్‌తో పాటు వందమంది స్త్రీలు తాగితే ఒలకకుండా తాగినవారు నలుగురే. మిగతావారందర్నీ కాల్చేస్తానని మార్క్ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన సామంతులు అందుకు ఒప్పుకోలేదు. ఎవరో మంత్రగత్తె చేసిన కొమ్ము మాట నమ్మి మా ఆడవాళ్ళను చంపుకోమని తెగేసి చెప్పారు. నూరుమంది స్త్రీలకు జరిగిన పరీక్షలో, ఈ పరీక్షను నమ్మడమెందుకు అని అడిగిన మగవాళ్ళు ఇక్కడ కనిపించారు. వాళ్ళలో మంచితనం ఎంతో, ఇంటి పరువు భయం ఎంతో మాత్రం చెప్పలేను.

ఇవన్నీ కల్పనలు. కాని ఆ రోజుల్లో నిజమైన న్యాయస్థానాల్లోనూ దివ్యపరీక్షలు ఉండేవి. దివ్యం అన్న మాట మనకు కొత్త కాదు, యాజ్ఞవల్క్యస్మృతిలో తులాదివ్యం, అగ్నిదివ్యం, జలదివ్యం, విషదివ్యం, కోశదివ్యం అని అయిదు చెప్పారు. యూరపులో కాలిన ఇనుము చేత్తో పట్టుకుని నడవాలి. మూడు రోజుల తర్వాత కట్టు విప్పి చూసి పుండు మానుతుంటే నిర్దోషి, చీము పడితే దోషి అనేవారు. చర్చి గురువు వచ్చి ఇనుమును ఆశీర్వదించేవాడు. 1215లో రోములో మూడవ ఇన్నొసెంట్ పోపు సమావేశపరచిన నాలుగో లాటరన్ మహాసభ గురువులు ఇకమీదట ఆ పని చెయ్యరాదని శాసించింది. గురువు లేకపోతే దివ్యం లేదు. దాంతో ఇంగ్లండులో నేరవిచారణకు జ్యూరీ పద్ధతి బలపడింది. వాదీ ప్రతివాదీ కత్తులు పట్టి తేల్చుకునే ద్వంద్వయుద్ధం మాత్రం కాగితం మీద చాలాకాలం మిగిలి 1819లోగాని రద్దు కాలేదు.

ఆ శాసనానికి కొద్ది ఏళ్ళ ముందు, 1210 ప్రాంతంలో, గాట్‌ఫ్రీడ్ అనే జర్మన్ కవి ట్రిస్టన్ కావ్యం రాశాడు. అందులో ఇసోల్డ్ కాలిన ఇనుము పట్టాలి. ఆమె దోషి, ఆ సంగతి మనకూ తెలుసు, కవికీ తెలుసు. ఆమె ఒక ఉపాయం పన్నింది. ట్రిస్టన్ యాత్రికుడి వేషంలో ఒడ్డున నిలబడ్డాడు. పడవలోంచి తనను ఎత్తి దింపమని ఆ యాత్రికుణ్ణే పిలిపించుకుంది, ముందుగా చెప్పినట్టు అతను ఆమెతో సహా తడబడి పడ్డాడు. తర్వాత ఆమె అందరి ఎదుటా ప్రమాణం చేసింది. తన భర్తా, మీరంతా చూస్తుండగా పడిపోయిన ఈ యాత్రికుడూ తప్ప ఏ మగవాడి చేతుల్లోనూ తాను లేనని. మాట నిజమే. ఇనుము కాల్చలేదు. దేవుడి తీర్పును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చన్నమాట అన్న అర్థంలో కవి ఒక ఎత్తిపొడుపు విసిరి కథ సాగిస్తాడు. అంతకుముందు బెరూల్ అనే ఫ్రెంచి కవి చెప్పిన కథలో ట్రిస్టన్ కుష్ఠురోగి వేషంలో ఆమెను వీపు మీద వాగు దాటిస్తాడు. ఆ ప్రమాణానికి సాక్షిగా వచ్చినవాడు సాక్షాత్తు ఆర్థర్ రాజు!

కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణానికి వెళ్ళేవాళ్ళను మా వైపు అందరూ ఎరుగుదురు. ప్రమాణం చేయించేవాడు మాటను ఎంత జాగ్రత్తగా కూరుస్తాడో కూడా ఎరుగుదురు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. నిజం, అబద్ధం కన్నా మాట కూర్పు గట్టిది.

ఎనీడ్ సంగతి మధ్యలో వదిలేశాను. పెళ్ళయ్యాక ఎరెక్ యుద్ధాలు మానేసి మధ్యాహ్నం దాకా భార్య పక్కనే ఉంటున్నాడని జనం గొణుక్కున్నారు. ఒక ఉదయం ఎనీడ్ ఆ మాట తలుచుకుని ఏడుస్తుంటే అతను విన్నాడు. వెంటనే మంచి బట్టలు కట్టుకుని గుర్రమెక్కి నా ముందు నడువు, నేను అడిగితే తప్ప నోరు విప్పకు అని ఆజ్ఞాపించాడు. దారిలో ముగ్గురు దొంగలు వచ్చారు. మాట్లాడితే భర్త ఆజ్ఞ మీరినట్టు, మాట్లాడకపోతే భర్త ప్రాణం పోయినట్టు. ఆమె మాట్లాడింది, తిట్లు తింది. తర్వాత అయిదుగురు వచ్చారు, మళ్ళీ మాట్లాడింది. ప్రతిసారీ ఆమె నోరు విప్పబట్టే అతను బతికాడు. చిట్టచివర, నిన్ను పూర్తిగా పరీక్షించాను, నాకు తృప్తి కలిగింది అంటాడు ఎరెక్. ఎందుకు పరీక్షించాడో క్రెటియెన్ చెప్పడు. పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు మాత్రం విధేయతకూ విశ్వాసానికీ తేడా ఉందని కవి ఎరిగినట్టు తోస్తుంది. ఆజ్ఞ మీరినందుకే ఆమె నెగ్గింది కదా.

మరి మా పిల్ల అడిగిన ప్రశ్న, మగవాళ్ళకు పరీక్ష లేదా? ఉంది. దాని పేరు సర్ గవైనూ పచ్చ యోధుడూ. పధ్నాలుగో శతాబ్దం చివర ఇంగ్లీషులో రాసిన కావ్యం. కవి పేరు తెలియదు. లోకంలో దీనికి ఉన్నది ఒక్కటే రాతప్రతి. 1731లో అది ఉన్న గ్రంథాలయం అంటుకుని ఎన్నో పుస్తకాలు బూడిదైతే ఇది బయటపడింది. 1839లో తొలిసారి అచ్చయింది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

కొత్త సంవత్సరం విందు జరుగుతుంటే ఒళ్ళూ జుట్టూ గుర్రమూ అంతా ఆకుపచ్చగా ఉన్న మహాకాయుడు గండ్రగొడ్డలి పట్టుకుని కొలువులోకి వచ్చాడు. నా మెడ మీద ఒక దెబ్బ కొట్టండి, ఏడాది తర్వాత నేను తిరిగి ఒక దెబ్బ కొడతాను, సరేనా అన్నాడు. ఆర్థర్ మేనల్లుడు గవైన్ లేచి ఒక్క దెబ్బతో తల నరికాడు. ఆ మొండెం వంగి తన తలను తానే జుట్టు పట్టి ఎత్తుకుని, మాట తప్పకు అని ఆ తలతోనే చెప్పి వెళ్ళిపోయింది. మాట ప్రకారం ఏడాది తిరిగేలోపు గవైన్ చావుకు బయలుదేరాడు. చలికాలం, మంచు, ఒంటరి ప్రయాణం. క్రిస్మస్ నాటికి ఒక కోట చేరాడు. కోట దొర సరదాగా ఒక ఒప్పందం పెట్టాడు. మూడు రోజులు నేను వేటకు వెళతాను, నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకో. సాయంత్రం నేను వేటాడినది నీకిస్తాను, పగలు నీకు దొరికినది నాకివ్వు.

మూడు రోజులూ దొర అటు వెళ్ళగానే దొరసాని ఇటు గవైన్ పడకగదికి వచ్చి మంచం అంచున కూర్చునేది. ఆమెను కాదంటే స్త్రీని అవమానించినట్టు, అవునంటే ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినట్టు. గవైన్ నవ్వుతూ, మర్యాద తప్పకుండా, మాటలతో తప్పించుకుంటూ వచ్చాడు. కవి ఒకవైపు అడవిలో వేట, ఒకవైపు గదిలో వేట మార్చి మార్చి చూపిస్తాడు. మొదటి రోజు దొర లేళ్ళు తెచ్చాడు, గవైన్ ఒక ముద్దు తిరిగి ఇచ్చాడు. రెండో రోజు అడవిపంది, రెండు ముద్దులు. మూడో రోజు నక్క, మూడు ముద్దులు. ఎవరిచ్చారో చెప్పాలని ఒప్పందంలో లేదు కాబట్టి చెప్పలేదు. కాని మూడో రోజు దొరసాని ఇంకొకటి కూడా ఇచ్చింది. ఆకుపచ్చ పట్టు నడికట్టు. అది కట్టుకున్నవాణ్ణి ఎవరూ చంపలేరని, భర్తకు చెప్పవద్దని అంది. మర్నాడే గొడ్డలికి మెడ వంచవలసిన మనిషి అతను. తీసుకున్నాడు, దాచుకున్నాడు.

పచ్చ గుడి దగ్గర ఆ యోధుడు రెండుసార్లు గొడ్డలి ఎత్తి ఆపాడు, మూడోసారి మెడ మీద చిన్న గీటు పెట్టాడు. తర్వాత అసలు సంగతి బయటపడింది. ఆ యోధుడే కోట దొర. భార్యను పంపినదీ తనే. మొదటి రెండు రోజులూ మాట నిలబెట్టుకున్నందుకు రెండు ఉత్తుత్తి దెబ్బలు, నడికట్టు దాచినందుకు ఆ గీటు. బతుకు మీద తీపితో చేశావు, అందుకని నిన్ను పెద్దగా తప్పుపట్టను అన్నాడు. గవైన్ మాత్రం సిగ్గుతో కుమిలిపోయి, ఆదాము మొదలుకొని ఆడవాళ్ళ చేతిలో మోసపోయిన మగవాళ్ళ పేర్లన్నీ ఏకరువు పెట్టాడు. అంతటి మర్యాదస్తుడు కూడా తప్పు బయటపడగానే నింద ఎక్కడికి నెట్టాడో చూడండి!

గవైన్ ఆ నడికట్టును తన తప్పుకు గుర్తుగా భుజం మీదుగా కట్టుకుని కొలువుకు వచ్చి జరిగినదంతా దాచకుండా చెప్పాడు. కొలువు అంతా నవ్వింది. నవ్వి, అతని మీద ప్రేమకొద్దీ మేమూ అలాంటి పచ్చ పట్టీ కట్టుకుంటామని అందరూ కట్టుకున్నారు. పట్టీ గౌరవ చిహ్నమైపోయింది.

మర్నాడు మా తరగతిలో ఈ కథ చెప్పాను. ఆ పిల్లను లేపి, "మగవాళ్ళకూ పరీక్ష ఉంది, విన్నావుగా" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఇతను ఓడిపోతే అందరూ పట్టీ కట్టుకున్నారు. రాణి ఓడిపోతే ఎవరూ పొట్టి శాలువా కప్పుకోలేదేం టీచర్?" అంది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎన్నడూ తోచలేదు. అదే కొలువు, అదే నవ్వు. ఒకరికి గది తలుపు, ఒకరికి పతకం.

గవైన్ కావ్యం రాతప్రతి చివర ఒక ఫ్రెంచి వాక్యం రాసి ఉంది. చెడుగా తలచేవాడికే సిగ్గు అని దాని భావం. కవి రాశాడో, తర్వాత ఎవరైనా చేర్చారో పండితులు తర్జనభర్జన పడుతుంటారు. మూడవ ఎడ్వర్డ్ 1348 ప్రాంతంలో నెలకొల్పిన గార్టర్ అనే యోధబృందం నినాదం అది. నాట్యం చేస్తుండగా ఒక దొరసాని మేజోటి పట్టీ జారి కిందపడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఇకిలించారట. రాజు దాన్ని తీసి తన కాలికి కట్టుకుని ఆ మాట అన్నాడట. చరిత్రకారులు ఈ కథను నమ్మరు. మా తరగతిలో పిల్లలకు ఇది కూడా చెప్పాను. వెనక బెంచీ పిల్ల అప్పుడు నవ్వింది.